ఇంటిపక్క కాలేజీ నుంచి పౌరహక్కుల కోర్టు దాకా: ఆంటోనియా హెర్నాండెజ్ నడిచిన దారి

లా పట్టా చేతికొచ్చి ఎంతో కాలం కాని ఒక లాయరు 1970ల మధ్యలో లాస్ ఏంజెలెస్ తూర్పు పేటల్లో ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టారు. పేరు ఆంటోనియా హెర్నాండెజ్. ఆమె వెతికింది కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆస్పత్రికి కాన్పుకు వెళ్లి, తెలియకుండానో, తెలిసీ తెలియని స్థితిలోనో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి తిరిగొచ్చిన ఆడవాళ్ల కోసం. ఆ ఆస్పత్రిలోనే పనిచేసే బెర్నార్డ్ రోజెన్‌ఫెల్డ్ అనే జూనియర్ డాక్టరు రికార్డుల్లోంచి గుట్టుగా సేకరించిన సమాచారమే ఆ వెతుకులాటకు ఆధారం. తలుపు తీసినవాళ్లలో కొందరు ఆ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేదు. ఇక పిల్లలు పుట్టరన్న నిజం కొందరికి ఎప్పుడో తర్వాత గానీ తెలియలేదు.

అలాంటి మాట అడగడానికి వచ్చిన మనిషిని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది గుమ్మం దగ్గర అర నిమిషంలో తేలిపోతుంది. భాష, యాస, వయసు, ఎక్కడి పిల్ల అన్న ఆరా, ఇవే చూస్తారు. లా కాలేజీ పేరు అక్కడ పనికిరాదు. హెర్నాండెజ్ మెక్సికోలోని టొర్రెయాన్‌లో 1948లో పుట్టి, ఎనిమిదేళ్ల వయసులో తల్లిదండ్రులతో లాస్ ఏంజెలెస్ వచ్చి, ఆ తూర్పు పేటల్లోనే పెరిగారు. హైస్కూల్ తర్వాత చదివింది కూడా అక్కడికి దగ్గర్లోనే, ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ వినిపించే మాట ఖర్చు తక్కువ అని. అది నిజమే. కానీ పౌరహక్కుల లాయర్ విషయంలో ఖర్చును మించిన లాభం ఒకటుంది: ఆ కాలేజీ మనిషిని పేటలోంచి పెకలించదు. ఆ పేటే రేపు సాక్ష్యం అవుతుంది.

ఏమిటీ కాలేజీ

కమ్యూనిటీ కాలేజీ అంటే మన జూనియర్ కాలేజీ కాదు. నాలుగేళ్ల అమెరికన్ డిగ్రీలో మొదటి రెండేళ్ల పాఠాలు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ అది. ఎంట్రన్స్ పరీక్ష లేదు, ర్యాంకు లేదు. హైస్కూల్ పూర్తి చేసినవాళ్లకూ, పద్దెనిమిదేళ్లు నిండి చదవగలమన్నవాళ్లకూ సీటు ఉంటుంది. రెండేళ్ల తర్వాత అక్కడే అసోసియేట్ డిగ్రీ తీసుకుని ఆగిపోవచ్చు, లేదా విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదిలోకి బదిలీ కావచ్చు.

ఈ ఏర్పాటుకు కాలిఫోర్నియా 1960లో మాస్టర్ ప్లాన్ పేరుతో ఒక చట్రం గీసింది. హైస్కూల్ పిల్లల్లో పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకు స్టేట్ యూనివర్సిటీ, మిగిలిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ. పైకి చూస్తే ఇది వడపోత. వడపోతలో కిందికి జారినవాళ్లకు మళ్లీ పైకి ఎక్కే మెట్టు ఇచ్చారు కాబట్టే అది చెల్లుబాటైంది. 1984 దాకా ఈ కాలేజీల్లో చదువుకు ఫీజే లేదు. ఆ ఏడాది యూనిట్‌కు (సెమిస్టర్ పొడవునా వారానికి సుమారు ఒక గంట పాఠం) 5 డాలర్లతో మొదలైన ఫీజు ఇప్పుడు 46 డాలర్లు.

హెర్నాండెజ్ ఆ మెట్టు ఎక్కి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌కు, అంటే యూసీఎల్ఏకు మారారు. చరిత్రలో డిగ్రీ చేసి, టీచరు కావాలనుకుని అందుకు కావలసిన సర్టిఫికెట్ కూడా తీసుకున్నారు. అవి చికానో ఉద్యమం, అంటే మెక్సికన్ మూలాల అమెరికన్ల హక్కుల ఉద్యమం, మరుగుతున్న రోజులు. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ హైస్కూళ్ల పిల్లలు వేలాదిగా క్లాసులు బహిష్కరించారు. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అక్కడే భారీ ప్రదర్శన జరిగింది. పిల్లలకు పాఠం చెప్పినంత మాత్రాన వాళ్ల బతుకును నడిపే చట్టాలు మారవన్న ఆలోచన ఆమెను లా వైపు తిప్పింది. లా కూడా యూసీఎల్ఏలోనే, ఇంటికి దగ్గరగానే చదివి 1974లో పూర్తి చేశారు. పెద్ద కూతురు ఇంటికి అందుబాటులో ఉండటమన్నది మన ఇళ్లలో లాగే ఆ ఇళ్లలోనూ పెద్ద లెక్క.

మాడ్రిగల్ వర్సెస్ క్విలిగన్

హెర్నాండెజ్, ఆమె సహచరుడు చార్లెస్ నబర్రెట్ కలిసి 1975 జూన్‌లో ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. పదిమంది మెక్సికన్ మూలాల ఆడవాళ్లు వాదులు. మొదటి పేరు డోలొరెస్ మాడ్రిగల్. ప్రతివాదుల్లో ఆ కౌంటీ ఆస్పత్రి, అంటే కౌంటీ-యూఎస్సీ మెడికల్ సెంటర్, ప్రసూతి విభాగాధిపతి ఎడ్వర్డ్ జేమ్స్ క్విలిగన్, ఇతర డాక్టర్లు, ప్రభుత్వ అధికారులు ఉన్నారు. కొమిసియోన్ ఫెమెనిల్ మెహికానా అనే మహిళా సంఘం కూడా వాదుల పక్కన నిలబడింది. అప్పట్లో ఆ సంఘాన్ని నడిపిన గ్లోరియా మొలీనా పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

ఆ ఆస్పత్రిలో జరిగింది ఒక పద్ధతి ప్రకారం జరిగింది. సిజేరియన్ చేయబోయే ముందు, నొప్పుల మీద ఉన్న మనిషి చేతికి, మత్తు ఎక్కుతుండగానో ఎక్కాకనో, ఇంగ్లిష్‌లో ఉన్న అంగీకార పత్రం ఇచ్చి సంతకం పెట్టమనేవారు. అది సిజేరియన్ కోసం అనుకుని పెట్టినవాళ్లున్నారు. అండవాహిక గొట్టాలు ‘కట్టడం’ అంటే కావలసినప్పుడు విప్పుకోవచ్చనుకున్నవాళ్లున్నారు. సంతకం పెట్టకపోతే బిడ్డకో తల్లికో ప్రాణం మీదికొస్తుందని భయపెట్టారని చెప్పినవాళ్లున్నారు. ఫైల్లో మాత్రం అన్నీ సక్రమం: ఫారం ఉంది, సంతకం ఉంది, తేదీ ఉంది. ఇలాంటి కేసు కష్టమంతా ఇక్కడే. సంతకం అబద్ధమని ఎవరూ అనడం లేదు. ఆ సంతకం వెనక సమ్మతి లేదని రుజువు చేయాలి. (సరిగ్గా అవే ఏళ్లలో మన దేశంలో ఎమర్జెన్సీ ఆపరేషన్ల క్యాంపులు నడిచాయి. అక్కడ టార్గెట్లు బాహాటం. లాస్ ఏంజెలెస్‌లో అంతా కాగితాల చాటున జరిగింది.)

లాయర్ల వైపు నుంచి చూస్తే ఇలాంటి కేసులో మూడు చోట్ల కాలు జారుతుంది. మొదటిది కాలపరిమితి. ఆపరేషన్ జరిగిన రోజు నుంచి లెక్కా, విషయం తెలిసిన రోజు నుంచి లెక్కా అన్నది ఒక్కో వాది విషయంలో విడిగా తేల్చుకోవాలి. అందుకే చిరునామాలు ఎన్ని ఉన్నా కోర్టులో నిలబడగలిగే వాదులు కొందరే మిగులుతారు. రెండోది, వాది బయటికి వచ్చి మాట్లాడటం. కోర్టులో సాక్ష్యమంటే ఆ సంగతి భర్తకూ, అత్తింటికీ, పేటకూ తెలిసిపోవడమే. మూడోది నిపుణుల సాక్ష్యం. అది రెండు వైపులా కోసే కత్తి. ఈ కేసు కోసుకుపోయింది దానితోనే.

పిల్లల్ని కనగలగడం ఆ సమాజంలో ఆడదాని స్థానాన్ని ఎలా నిలబెడుతుందో, అది పోతే కలిగే నష్టం ఏమిటో చెప్పడానికి మానవశాస్త్రవేత్త కార్లోస్ వెలెస్-ఇబానెజ్‌ను సాక్షిగా తెచ్చారు. ఆయన ఆ ఆడవాళ్లతో గడిపి, లోతుగా అధ్యయనం చేసి, నష్టం వైద్యపరమైనదే కాదు, సామాజికమైనది కూడా అని చెప్పారు. 1978 మే చివర మొదలైన విచారణను జ్యూరీ లేకుండా జడ్జి జెస్సీ కర్టిస్ ఒక్కరే విన్నారు. జూన్ 30న వచ్చిన తీర్పు ఆ సాక్ష్యాన్ని తిరగేసింది. ఈ ఆడవాళ్ల సాంస్కృతిక నేపథ్యం తెలుసుకోవడానికి ఒక నిపుణుడికే సుమారు 450 గంటలు పడితే, హడావుడిలో ఉన్న డాక్టర్లకు ఎలా తెలుస్తుందన్నది జడ్జి తర్కం. జరిగింది డాక్టర్లకూ రోగులకూ మధ్య మాట అందకపోవడమే తప్ప, చెడు ఉద్దేశం కాదని తేల్చి కేసు కొట్టేశారు.

ఈ తర్కంలోని లొసుగు లాయర్లు ఈనాటికీ క్లాసుల్లో చర్చించుకునేంత పెద్దది. మాట అందలేదని ఒప్పుకున్నాక సమ్మతి ఉందని ఎలా అంటారు? సమ్మతి అంటేనే మాట అందడం కదా. కానీ అప్పటి చట్టపు చట్రంలో ప్రశ్న డాక్టరు ఏమనుకున్నాడన్న దగ్గర ఆగింది, రోగికి ఏం అర్థమైందన్న దగ్గర కాదు. నష్టం ఎంత ప్రత్యేకమైనదో నిరూపించే కొద్దీ, అవతలివాళ్లకు అది తెలిసే అవకాశం లేదన్న వాదన కూడా బలపడింది. నష్టానికి తెచ్చిన సాక్ష్యాన్ని బాధ్యత తేల్చే ప్రశ్నలోకి జారనివ్వకూడదన్నది ఈ తీర్పు నుంచి వాదుల లాయర్లు నేర్చుకోదగ్గ పాఠం. ఫారం ఇంగ్లిష్‌లో ఉంది, మనిషికి స్పానిష్ మాత్రమే వచ్చు అన్న విషయం తెలియడానికి 450 గంటలు అక్కర్లేదు.

ఓడాక మారిన ఫారం

కోర్టులో ఓడినా కాగితం మారింది. ఫెడరల్ నిధులతో జరిగే ఈ ఆపరేషన్లకు 1974లోనే 72 గంటల గడువు నిబంధన వచ్చింది. అలబామాలో ఇద్దరు నల్లజాతి అక్కచెల్లెళ్లకు, ఇంకా చిన్నపిల్లలుగా ఉండగానే, ఆపరేషన్ చేసిన రెల్ఫ్ కేసు దానికి వెనకున్న ఒత్తిడి. ఆస్పత్రులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మాడ్రిగల్ విచారణ జరిగిన 1978లోనే గట్టి నిబంధనలు ఖరారయ్యాయి: సంతకానికీ ఆపరేషన్‌కూ మధ్య 30 రోజులు ఉండాలి, వయసు 21 నిండాలి, నొప్పుల మీదున్నప్పుడు తీసుకున్న సంతకం చెల్లదు, మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, రాకపోతే దుబాసీని పెట్టాలి, ఒప్పుకోకపోయినా ప్రభుత్వ సాయం ఆగదని నోటితో చెప్పాలి. ఈ షరతులను ఆ ఆస్పత్రి వార్డులో జరిగినదాని పక్కన పెట్టి చదివితే ఒక్కో వాక్యం ఒక్కో తప్పుకు జవాబులా కనిపిస్తుంది. మరుసటి ఏడాది, 1979లో, 1909 నుంచి పుస్తకాల్లో ఉన్న బలవంతపు ఆపరేషన్ల చట్టాన్ని కాలిఫోర్నియా రద్దు చేసింది. ఆ బిల్లు తెచ్చింది అసెంబ్లీ సభ్యుడు ఆర్ట్ టోరెస్.

మంచి నిబంధన కూడా పాతబడితే గుచ్చుకుంటుంది. ఈ 30 రోజుల నియమం ఇప్పటికీ ప్రభుత్వ బీమా మెడికెయిడ్ మీద ఉన్నవాళ్లకు వర్తిస్తుంది, ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకు లేదు. సంతకం 180 రోజుల వరకే చెల్లుతుంది. నెలలు నిండకుండా కాన్పయితే గడువు 72 గంటలకు తగ్గుతుంది. తనంతట తానే ఆపరేషన్ కావాలనుకున్న పేద తల్లి, ఫారం క్లినిక్‌లో ఉండిపోయి కాన్పు ఆస్పత్రికి చేరలేదనో, తేదీ రెండు రోజులు తక్కువైందనో ఖాళీ చేతులతో ఇంటికి పోతుంది. అందుకే ఇప్పుడు డాక్టర్లలో చాలామంది ఈ నియమం సడలించమంటున్నారు. మాడ్రిగల్ చరిత్ర తెలిసినవాళ్లలో కొందరు వద్దంటున్నారు. ఇద్దరి దగ్గరా న్యాయమైన మాటే ఉంది.

గెలిచిన కేసు, అదే ఆస్పత్రి

తీర్పు తర్వాత హెర్నాండెజ్ కోర్టు వదిలి చట్టం తయారయ్యే చోటికి వెళ్లారు. 1979లో సెనేట్ జ్యుడిషియరీ కమిటీలో, ఎడ్వర్డ్ కెన్నెడీ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, సిబ్బంది న్యాయవాదిగా చేరారు. 1980 ఎన్నికల్లో సెనేట్ కెన్నెడీ పార్టీ చేతిలోంచి రిపబ్లికన్ల చేతికి పోయింది, ఆమె ఉద్యోగం పోయింది. 1981లో మెక్సికన్ అమెరికన్ లీగల్ డిఫెన్స్ అండ్ ఎడ్యుకేషనల్ ఫండ్, పొట్టిగా మాల్డెఫ్, వాషింగ్టన్ ఆఫీసులో చేరి, 1985లో ఆ సంస్థకు అధ్యక్షురాలు, ప్రధాన న్యాయవాది అయ్యారు. 2004 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. మధ్యలో, 1987లో, కార్యనిర్వాహక కమిటీ ఆమెను తీసేసి మరొకరిని పెట్టాలని చూసింది. పూర్తి బోర్డు ఓటేసి ఆమెనే ఉంచింది. ఉద్యమ సంస్థల్లో కొట్లాట బయటివాళ్లతోనే ఉంటుందనుకోకూడదు.

మాల్డెఫ్ 1968లో టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో, ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన 22 లక్షల డాలర్లతో పుట్టింది. నల్లజాతివారి కోసం ఎన్‌ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్ నడిపిన పద్ధతే దానికి నమూనా: విడివిడి కేసుల వెంట పరుగెత్తకుండా, ఒక్క తీర్పుతో వేలమంది పరిస్థితి మారే కేసు ఎంచుకోవడం. దేశంలో ఉండేందుకు పత్రాలు లేని వలస పిల్లలకు కూడా ప్రభుత్వ బడి తలుపు మూయకూడదని సుప్రీంకోర్టు 1982లో 5-4 తేడాతో చెప్పిన ప్లైలర్ వర్సెస్ డో తీర్పు వెనక ఉన్నది ఈ సంస్థే. కాలిఫోర్నియా ఓటర్లు 1994లో ఆమోదించిన ప్రపోజిషన్ 187, అంటే పత్రాలు లేనివాళ్లకు బడి, వైద్యం ఆపే చట్టం, కోర్టులో కూలిపోయింది. హెర్నాండెజ్ హయాంలో ఆ పోరాటంలో మాల్డెఫ్ ముందు వరసలో ఉంది.

మాడ్రిగల్ కేసుకు అసలు కొనసాగింపు అనదగ్గది మరొకటి, గార్జా వర్సెస్ కౌంటీ ఆఫ్ లాస్ ఏంజెలెస్. లాస్ ఏంజెలెస్ కౌంటీని అయిదుగురు సూపర్‌వైజర్ల బోర్డు పాలిస్తుంది. ఒక్కో సీటు కింద పదిహేను లక్షలకు పైగా జనం. కౌంటీ ఆస్పత్రి ఆ బోర్డు చేతిలోనే ఉంటుంది. 1981లో నియోజకవర్గాల గీతలు మళ్లీ గీసినప్పుడు లాటినోల, అంటే లాటిన్ అమెరికా మూలాలవాళ్ల, పేటలను కావాలనే ముక్కలు చేసి వేర్వేరు సీట్లలో కలిపారన్నది ఆరోపణ. మాల్డెఫ్, పౌరస్వేచ్ఛల సంస్థ ఏసీఎల్‌యూ కలిసి 1988లో కేసు వేశాయి. ఫెడరల్ న్యాయశాఖ కూడా కౌంటీ మీద కేసు పెట్టింది. 1990 జూన్‌లో జడ్జి డేవిడ్ కెన్యన్ అది ఉద్దేశపూర్వకమేనని తేల్చారు. ఇక్కడ వ్యత్యాసం గమనించాలి: మాడ్రిగల్‌లో ఉద్దేశం నిరూపణ కాలేదు, గార్జాలో అయింది. ఆపరేషన్ గదిలో డాక్టరు మనసులో ఏముందో చెప్పే కాగితం దొరకదు. గీతలు గీసిన దగ్గర మ్యాపులు, ఆ సమావేశాల రికార్డులు, జనాభా లెక్కలు దొరుకుతాయి.

కొత్త గీతల మీద 1991లో ఎన్నిక జరిగింది. బరిలో మిగిలిన ఇద్దరు గ్లోరియా మొలీనా, ఆర్ట్ టోరెస్. ఒకరు మాడ్రిగల్ కేసులో నిలబడిన సంఘం నాయకురాలు, మరొకరు పాత చట్టాన్ని రద్దు చేయించినవారు. మొలీనా గెలిచి, 1875 తర్వాత ఆ బోర్డులో కూర్చున్న మొదటి లాటినో అయ్యారు, మొదటి లాటినా (లాటినో మహిళ) కూడా. తమ మీద ఆపరేషన్లు చేసిన ఆస్పత్రికి ఎవరు డబ్బిస్తారు, ఎవరిని నియమిస్తారు అన్న బల్ల దగ్గరికి ఆ పేట మనిషి మాడ్రిగల్ తీర్పు వచ్చిన పదమూడేళ్ల తర్వాత చేరింది. 2018లో అదే బోర్డు రెండు వందలమందికి పైగా ఆడవాళ్లకు అధికారికంగా క్షమాపణ చెప్పింది. పరిహారం మాత్రం వేరే కథ: 2021లో కాలిఫోర్నియా పెట్టిన పరిహార పథకం రాష్ట్ర సంస్థల్లో, జైళ్లలో ఆపరేషన్లు అయినవారికే. కౌంటీ ఆస్పత్రి రాష్ట్ర సంస్థ కాదు గనక ఈ ఆడవాళ్లు అందులోకి రాలేదు. దరఖాస్తుల గడువు 2023తో ముగిసింది.

అదే దారి ఇప్పుడు

ఇప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్ల ఎవరైనా ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో చేరి ఈ దారి నడవాలనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. బదిలీకి 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 చొప్పున మొత్తం 2,760 డాలర్లు. అదీ పూర్తికాలం చదివే కొత్త విద్యార్థులకు మొదటి రెండేళ్లు తరచూ మాఫీ అవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసికే ఏడాది ఫీజు 14 వేల డాలర్లు దాటింది. (కూపర్టినోలోని డీ అన్జా కాలేజీ వైపు చూసే తెలుగు కుటుంబాలు గుర్తుంచుకోవలసింది, ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థికి ఈ 46 డాలర్ల రేటు వర్తించదు.)

మొదటి బోర్లా పడటం 12కీ 15కీ మధ్య ఉంటుంది. ఆర్థిక సాయం లెక్కల్లో సెమిస్టర్‌కు 12 యూనిట్లు తీసుకుంటే పూర్తికాలం విద్యార్థి. కానీ 12 చొప్పున నాలుగు సెమిస్టర్లంటే 48 యూనిట్లే. బదిలీకి ఇంకో 12 తక్కువ, అంటే ఇంకో సెమిస్టర్. రెండేళ్లలో బయటపడాలంటే 15 తీసుకోవాలి, పార్ట్‌టైం ఉద్యోగం చేసేవాళ్లకు అది బరువు. ఎంతోమంది ‘పూర్తికాలం’ చదువుతూనే మూడో ఏటికి ఎందుకు పడతారో ఈ చిన్న లెక్కలోనే ఉంది.

రెండోది, చెల్లని యూనిట్లు. కాలేజీలో ఉన్న ప్రతి కోర్సూ బదిలీ కాదు. ఏ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో దేనికి సమానమో ‘అసిస్ట్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కాలేజీల వారీగా ఉంటుంది. చేరిన మొదటి వారంలోనే దాన్ని ముందు పెట్టుకుని, వెళ్లదలచిన చోట మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) ముందస్తుగా ఏ కోర్సులు అడుగుతారో చూసి ప్లాన్ వేసుకోవాలి. సామాన్య విద్య కోర్సుల జాబితా 2025 నుంచి రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థలకూ ఒకటే అయింది: కనీసం 34 యూనిట్లు, 11 కోర్సులు. అతిగా తీసుకున్నా లాభం లేదు, యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) 70 యూనిట్ల వరకే లెక్కలోకి తీసుకుంటుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు తీరితే బదిలీకి ముందే సీటు హామీ ఇస్తాయి, దరఖాస్తు సెప్టెంబరులో. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, సాన్ డియెగోలకు ఆ హామీ లేదు.

మూడోది చాలామంది కౌన్సెలర్లు కూడా చెప్పరు. లా స్కూళ్లకు మార్కులు లెక్కగట్టి పంపే సంస్థ ఎల్ఎస్ఏసీ, మొదటి డిగ్రీ చేతికొచ్చేలోపు చదివిన ప్రతి కాలేజీ గ్రేడునూ కలిపి సగటు తీస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో తప్పిన కోర్సును మళ్లీ చదివి ‘ఎ’ తెచ్చుకుంటే కాలేజీ పాత ‘ఎఫ్’ను సగటులోంచి తీసేయవచ్చు. యూనిట్లతో సహా ట్రాన్స్‌క్రిప్ట్ మీద అది కనిపిస్తున్నంత కాలం ఎల్ఎస్ఏసీ తీసేయదు. 120 యూనిట్లలో 4కు 3.7 సగటు ఉన్న మనిషికి మొదటి సెమిస్టర్ తాలూకు రెండు ఎఫ్‌లు, 6 యూనిట్లు, కలిపితే అది 3.52కు పడిపోతుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి క్లాసులు మానేయవలసి వస్తే ఊరికే మానేయకుండా, గడువులోపు అధికారికంగా విత్‌డ్రా కావాలి. ఎఫ్‌కూ, విత్‌డ్రా అయితే పడే డబ్ల్యూకూ మధ్య లా స్కూల్ దరఖాస్తు దగ్గర తేలే తేడా అది.

కమ్యూనిటీ కాలేజీ నుంచి నేరుగా లా వైపు వెళ్లే సన్నని దారి కూడా కాలిఫోర్నియాలో ఉంది. లాయర్లకు లైసెన్స్ వ్యవహారాలు చూసే బార్ నిబంధనల ప్రకారం లా చదువు మొదలుపెట్టడానికి కావలసింది రెండేళ్ల కాలేజీ చదువే, డిగ్రీ తప్పనిసరి కాదు. జాతీయ బార్ సంఘం గుర్తింపు ఉన్న లా స్కూళ్లు మామూలుగా డిగ్రీ అడుగుతాయి. ఆ గుర్తింపు లేని స్కూళ్లు, లేదా లాయరు ఆఫీసులో వారానికి 18 గంటల చొప్పున నాలుగేళ్లు నేర్చుకునే పద్ధతి, అడగవు. అయితే ఆఫీసులో నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాది తర్వాత ‘బేబీ బార్’ అనే వడపోత పరీక్ష దాటాలి. ఈ దారుల్లో చివరి బార్ పరీక్ష దాకా వచ్చి గట్టెక్కేవాళ్లు తక్కువ. మన దగ్గర డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లకు అమెరికన్ మామూలు దారి పరిచయంగానే ఉంటుంది. అక్కడ తేడా బార్ పరీక్షలో. కాలిఫోర్నియాలో అది రెండు రోజులు: అయిదు వ్యాసాలు, ఒక ప్రాక్టికల్ పత్రం, 200 బిట్లు, 2,000కు 1,390 రావాలి.

ఆ జాతీయ గుర్తింపు లేని స్కూల్లో చదివి వచ్చినవారిలో సెర్జియో గార్సియా ఉన్నారు. బ్యూట్ కమ్యూనిటీ కాలేజీ, చీకో స్టేట్, తర్వాత కాల్ నార్తర్న్ లా స్కూల్. 2009లో బార్ పరీక్ష మొదటిసారే గట్టెక్కారు. కానీ దేశంలో ఉండేందుకు పత్రాలు లేవు కాబట్టి లైసెన్స్ ఆగింది. 2013లో రాష్ట్ర చట్టసభ దారి తెరిచింది, 2014 జనవరి 2న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆయనను లాయరుగా చేర్చుకుంది. పరీక్ష దాటాక లైసెన్స్ చేతికి రావడానికి పట్టిన కాలం, లా చదువుకు పట్టిన కాలంకన్నా తక్కువేమీ కాదు.

ఎవరి డబ్బుతో

కమ్యూనిటీ కాలేజీలో ఆదా అయిన డబ్బు లా స్కూల్‌లో కరిగిపోతుంది. యూసీ లా స్కూళ్లలోనే రాష్ట్ర నివాసికి ఏడాది ఫీజు 50 వేల డాలర్లు దాటింది. అప్పు చేసి చదివి తక్కువ జీతపు పౌరహక్కుల ఉద్యోగంలో చేరేవాళ్లకు 2007 నాటి చట్టం ఒక ఊరట: ప్రభుత్వంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ. అప్పు ఫెడరల్ది కాకపోయినా, వాయిదాల ప్లాన్ తప్పుడుదైనా కట్టిన నెలలు లెక్కలోకి రావు.

సొంతంగా ప్రాక్టీసు పెట్టేవాళ్లకు ఆధారం 1976 చట్టం. పౌరహక్కుల కేసు గెలిస్తే వాది లాయరు ఫీజు ఓడినవాళ్లు కట్టాలి. గంటల లెక్క, గంట రేటు గుణిస్తే వచ్చే మొత్తం అది. 300 గంటలు, గంటకు 400 డాలర్లయితే 1,20,000. అందుకే ఈ లాయర్లు ఆరు నిమిషాల ముక్కల్లో సమయం రాసుకుంటారు, రాయని గంటకు డబ్బు లేదు. అయితే ‘గెలవడం’ అంటే ఏమిటన్న దగ్గర తలుపు మూసుకుంటూ వస్తోంది. కేసు వల్ల అవతలివాళ్లు తమంతట తాము పద్ధతి మార్చుకుంటే అది గెలుపు కాదని సుప్రీంకోర్టు 2001లో బఖానన్ కేసులో అంది. మధ్యంతర ఉత్తర్వు దొరికి, ఆ తర్వాత చట్టం మారి కేసు అర్థం లేనిదైపోతే అదీ గెలుపు కాదని 2025 ఫిబ్రవరిలో లాకీ వర్సెస్ స్టినీలో అంది. మాడ్రిగల్ లాంటి కేసు, తీర్పు ఓడి నిబంధన గెలిచిన కేసు, ఈ లెక్కలో సున్నా డాలర్లు.

మిగిలింది పేదలకు ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ ఆఫీసు, మొదట్లో హెర్నాండెజ్ పనిచేసిన లాంటిది. ఆ ఆఫీసుల్లో చాలావాటికి డబ్బిచ్చే లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ 1974లో, ఆమె పట్టా తీసుకున్న ఏడాదే పుట్టింది. 1996లో కాంగ్రెస్ దానికి షరతులు బిగించింది. పత్రాలు లేనివాళ్ల తరఫున చాలావరకు వాదించకూడదు. ఒక వర్గం మొత్తం తరఫున వేసే క్లాస్ యాక్షన్ అసలే వేయకూడదు. ఈ నిషేధం ఆ ఆఫీసు బయటి నుంచి తెచ్చుకున్న విరాళాలతో చేసే పనికీ వర్తిస్తుంది. కాబట్టి ఇప్పుడు ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో చదివి, బదిలీ అయి, బార్ గట్టెక్కి, తన పేట లీగల్ ఎయిడ్ ఆఫీసులో చేరిన లాయరు తలుపులు తట్టి పదిమందిని కనుక్కుంటే ఆ పదిమంది పేర్ల మీద కేసు వేయవచ్చు. తలుపు తీయని మిగతా వందమంది తరఫున వేయకూడదు.